బయ్యరు ‘బలవంతపు చాకిరీ లేదని రాసివ్వండి’ అంటే ఏం చేయాలి: గుంటూరు ఎగుమతిదారులకు

మిర్చి పంపేవాళ్లకైనా, నూలు పంపేవాళ్లకైనా ఈ మధ్య ఒకే రకం మెయిల్ వస్తోంది. లోపల ఒక ఎక్సెల్ షీటు, చివర ఒక డిక్లరేషన్. ‘మా సరుకు తయారీలో ఏ దశలోనూ బలవంతపు శ్రమ లేదు’ అని లెటర్‌హెడ్ మీద రాసి, స్టాంపు వేసి, సంతకం పెట్టి పంపమంటారు. మనవాళ్లు మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు స్కాన్ చేసి పంపించేస్తారు.

నేనూ అలాగే పంపేవాణ్ణి. ఎక్స్‌పోర్టు కాగితాలు తయారుచేసే పనిలో ఉన్నవాణ్ణి, డిక్లరేషన్లు నాకు లెక్క కాదు. ఒకసారి అలా పంపిన వారానికే బయ్యరు నుంచి జవాబొచ్చింది: ‘సంతోషం. తొడిమలు తీసిన ఆడవాళ్ల మూడు నెలల కూలి రికార్డు పంపండి.’ మా దగ్గర ఉన్నది కాంట్రాక్టరు ఇచ్చిన ఒక్క బిల్లు. దాని మీద ‘లేబర్ చార్జీలు’ అని ఒకే లైను. టెన్షన్‌లో రాత్రికి రాత్రి మస్టరు రాయించాం. నలభై పేర్ల ఎదురుగా ఉన్న వేలిముద్రలన్నీ ఒకే బొటనవేలివని బయ్యరు పంపిన ఆడిటరు భూతద్దం కూడా తీయకుండానే పట్టేశాడు. తమాషా ఏమిటంటే, ఆ ఆడవాళ్లకు కూలి సరిగ్గానే ముట్టింది. ఉన్న నిజానికి కాగితం లేక, లేని కాగితం పుట్టించబోయి ఆర్డరు పోగొట్టుకున్నాం.

అందుకని ఆ మెయిల్ రాగానే మొదట చేయాల్సిన పని, సంతకం పెట్టకపోవడం. ‘పరిశీలించి చెబుతాం, మూడు వారాలు టైమివ్వండి’ అని రాయండి. చాలామంది ఇస్తారు. వెంటనే సంతకం పెట్టి పంపేవాడికంటే టైము అడిగినవాడినే వాళ్లు ఎక్కువ నమ్ముతారు.

ఏ చట్టం కోసం అడుగుతున్నారో ముందు తెలుసుకోండి

‘మీరు ఏ దేశపు చట్టం కోసం అడుగుతున్నారు?’ అని బయ్యరునే అడగండి. జవాబును బట్టి మీ పని మారుతుంది.

అమెరికా అయితే అసలు మూలం 1930 నాటి టారిఫ్ చట్టం, సెక్షన్ 307. మన దగ్గర ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాదే అక్కడ ఇది వచ్చింది. ఖైదీలతో గానీ, బలవంతంగా గానీ చేయించిన సరుకు దేశంలోకి రాకూడదని అందులో ఉంది. కానీ ‘మా అవసరానికి సరిపడా ఇక్కడ తయారుకాని సరుకైతే ఫర్వాలేదు’ అనే మినహాయింపు ఉండటంతో ఎనభై ఏళ్లకు పైగా అది దాదాపు నిద్రపోయింది. 2016 ఫిబ్రవరిలో ఆ మినహాయింపు తీసేశారు. అప్పటి నుంచీ అక్కడి కస్టమ్స్‌కు సహేతుకమైన అనుమానం వస్తే చాలు, ఒక కంపెనీ సరుకునో, ఒక ప్రాంతం సరుకునో రేవులోనే ఆపేస్తూ ఉత్తర్వు ఇస్తున్నారు.

దాని మీద 2021 డిసెంబరులో ఇంకో చట్టం వచ్చింది, 2022 జూన్ 21 నుంచి అమల్లో ఉంది. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో పూర్తిగా గానీ, కొంతభాగం గానీ తయారైన ఏ సరుకైనా బలవంతపు చాకిరీతో చేసిందే అని ముందే అనుకుంటారు. కాదని స్పష్టమైన ఆధారాలతో నిరూపించుకోవాల్సింది దిగుమతిదారు. ‘చైనాతో మాకేం పని’ అనుకోకండి. అక్కడి పత్తి ఏ దేశం చుట్టి వచ్చినా, ఎంత కొంచెం కలిసినా లెక్కలోకి వస్తుంది. విజయవాడలో ఒక చిన్న యూనిట్ చైనా గుడ్డ తెప్పించి చొక్కాలు కుట్టి అమెరికా పంపితే, ఆ గుడ్డలోని నూలు ఎక్కడిదో వాళ్లే చెప్పాలి. టమోటా గుజ్జు, సోలార్ ప్యానెళ్లలో వాడే పాలీసిలికాన్ మీద కూడా ఇదే నిఘా.

యూరప్ వాళ్ల నిషేధం 2024లో చట్టమైంది. 2027 డిసెంబరు 14 నుంచి అమలు. అక్కడ ముందే అనుకోవడం ఉండదు, తప్పు జరిగిందని అధికారులే నిరూపించాలి. కానీ మీరు పెద్ద కంపెనీయా, చిన్న కంపెనీయా అన్న తేడా ఆ నిషేధానికి లేదు.

నేరుగా ఆ దేశాలకు పంపకపోయినా తప్పించుకోలేరు. చిలకలూరిపేట వైపు మిల్లులో వడికిన నూలు బంగ్లాదేశ్ వెళ్లి, అక్కడ చొక్కాగా మారి, అమెరికా షాపులో వేలాడితే, ప్రశ్న ఆ చొక్కా నుంచి వెనక్కి నడుచుకుంటూ మిల్లు దాకా వస్తుంది. పైగా అమెరికా కార్మిక శాఖ ఒక జాబితా ప్రచురిస్తుంది: ఏ దేశంలో ఏ సరుకు వెనక పిల్లల పని గానీ, బలవంతపు పని గానీ ఉందని వాళ్లు భావిస్తున్నారో అందులో ఉంటుంది. భారతదేశం కింద ఇటుకలు, హైబ్రిడ్ పత్తి విత్తనాలు, నూలు ఉన్నాయి. 2024లో రొయ్య కూడా చేరింది. జాబితాలో పేరుంటే నిషేధించినట్టు కాదు. కానీ బయ్యరు ఆఫీసులో కూర్చుని ప్రశ్నలు తయారుచేసేవాళ్లు మొదట తెరిచేది దాన్నే. నిజాంపట్నం, మచిలీపట్నం వైపు రొయ్యల ప్లాంట్లవాళ్లకు ఈ మధ్య ప్రశ్నలు ఎందుకు పెరిగాయంటే ఇదొక కారణం.

బలవంతం అంటే గొలుసులు కాదు

‘మా దగ్గర ఎవర్నీ కట్టేయలేదండి’ అనేది ప్రతి యజమానీ చెప్పే మొదటి మాట. నిజమే. కానీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో ఇచ్చిన నిర్వచనంలో కట్టేయడం అన్న మాటే లేదు. ఏదో ఒక శిక్ష పడుతుందన్న భయంతో, తన ఇష్టం లేకుండా చేసే పని ఏదైనా బలవంతపు పనే. కూలి ఆపేస్తారన్న భయం కూడా శిక్షే. ఆడిటర్లు ఆ సంస్థ చెప్పిన 11 గుర్తులు పట్టుకుని వస్తారు. అందులో మన దగ్గర తగిలేవి ముఖ్యంగా నాలుగు: అప్పుతో కట్టిపడేయడం, కూలి ఆపి ఉంచడం, గుర్తింపు కాగితాలు దగ్గర పెట్టుకోవడం, ఒకటి చెప్పి తీసుకొచ్చి ఇంకొకటి చేయించడం.

విదేశాల వాళ్లు మన మీద రుద్దుతున్నారని కొందరు విసుక్కుంటారు. రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని ఎప్పుడో నిషేధించింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అదీ బలవంతపు చాకిరీయే అంది. ఇక 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో 15వ సెక్షన్ చూడండి: ‘ఇది వెట్టి అప్పు’ అని కూలీ అంటే, కాదని నిరూపించుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. నిరూపించే భారం ఎదుటివాడి మీద వేయడం అమెరికా వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

సరుకు నడిచిన దారి గీయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒక్క కంటెయినరు, ఒక్క రకం. తేజ రకం మిర్చి అనుకుందాం. రేవు నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి: షిప్పింగ్ బిల్లు, మీ గోడౌన్, తొడిమ తీసిన షెడ్డు, కోల్డ్ స్టోరేజీ, యార్డు, కమిషన్ కొట్టు, రైతు కల్లం, చేలో కోత. ప్రతి చోటా రెండు ప్రశ్నలు రాయండి. ఇక్కడ చేతులు ఎవరివి? వాళ్లకు డబ్బు ఎవరిచ్చారు?

మొదటిసారి గీస్తే ఎక్కడో ఒక చోట గీత తెగిపోతుంది. సాధారణంగా ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో. నాలుగు కొట్ల దగ్గర కొన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒకే ఛాంబర్లో పెడతారు, తీసేటప్పుడు ముందు దొరికినవి తీస్తారు. అక్కడితో ఏ టిక్కీ ఏ రైతుదో దేవుడికే తెలియాలి. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కొన్న రోజే గోతాం మీద లాటు మార్కు వేయించండి, అదే మార్కు ఏసీ రసీదు మీదా రాయించండి, యార్డు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ), కాటా చీటీ దానికే పిన్ను చేయండి. ఎగుమతి లాటుకు తీసేటప్పుడు ఏయే మార్కులు ఎన్నెన్ని టిక్కీలు తీశారో ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం రాసే గుమస్తాను సీజను మధ్యలో మార్చకండి.

తూకాలు కలవాలి. 500 టిక్కీలు కొని, తొడిమ, తాలు, తేమ పోయాక కూడా కొన్నంత బరువే పంపినట్టు కాగితాల్లో ఉంటే, బయట నుంచి ఏదో కలిసిందని అర్థం. ఆడిటరు మొదట చేసే లెక్క ఇదే, ఎందుకంటే ఇది కుర్చీలోంచి లేవకుండా చేయొచ్చు.

పత్తి వాళ్లకు ఈ పని కొంత తేలిక. బేలు మీద లాటు నంబరు, ప్రెస్ నంబరు ఉంటాయి. జిన్నింగ్ మిల్లు బిల్లులో అవే నంబర్లు రాయించుకుంటే నూలు లాటు దాకా దారి దొరుకుతుంది. ఇంకో విషయం, పత్తి పోగును పరీక్షిస్తే అది ఏ నేలలో పండిందో అంచనా వేసే ఐసోటోప్ పరీక్షలు అమెరికా కస్టమ్స్ వాడుతోంది. మన పత్తే అని బిల్లు చూపించి విదేశీ పత్తి కలిపితే దొరికిపోతారు.

మేస్త్రి నోటుబుక్కు అడగండి

దీనికి ఒక రోజంతా పెట్టుకోండి. మిగతా కాగితాలన్నీ మీ ఆఫీసులో పుడతాయి. ఇది మాత్రం కూలీలను తీసుకొచ్చే మేస్త్రి చొక్కా జేబులో ఉంటుంది.

నేను చూసిన ఒక నోటుబుక్కు సంగతి చెబుతాను. ఎర్ర అట్ట, చెమటకు తడిసి మూలలు ముడుచుకుపోయాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. పైన ‘అడ్వాన్సు 20,000’. కింద బియ్యం, నూనె, సెల్ రీచార్జి, ‘డాక్టరు 700’, ‘లారీ చార్జి 1,500’. ఎడమవైపు ఖర్చుల వరస పేజీ చివరిదాకా దిగింది. కుడివైపు, పని చేసి తీర్చింది రాయాల్సిన చోట, నెలన్నరలో రెండే అంకెలు. ‘మిగతాది సీజను ఆఖరుకు కడతామండి’ అన్నాడు మేస్త్రి. అంటే ఆ కుటుంబం సీజను ఆఖరు దాకా కదలడానికి లేదు. ఆ మాట అతని నోటి నుంచి మామూలుగానే వచ్చింది, తప్పు చేస్తున్నానన్న ఆలోచనే లేదు. వాళ్ల నాన్న కూడా అలాగే చేసి ఉంటాడు.

అదే కల్లంలో ఒక బిస్కెట్ల డబ్బా. అందులో రబ్బరు బ్యాండు వేసి 23 ఆధార్ కార్డులు. ‘పోగొట్టుకుంటారనండి, నా దగ్గరైతే భద్రంగా ఉంటాయని’ అన్నాడు. అతను అబద్ధం చెప్పాడని నేననుకోను. కానీ ఆ డబ్బా ఫొటో ఒక్కటి చాలు, కంటెయినరు ఆగిపోవడానికి.

నోటుబుక్కులో ఇవి చూడండి: అడ్వాన్సు మీద వడ్డీ ఉందా, సరుకుల ధర బయటి కొట్టు ధరకు సమానమా, తీసుకొచ్చిన బండి చార్జీ ఎవరి ఖాతాలో రాశారు, వారం వారం చేతికి ఎంత వెళ్తోంది, అప్పు తగ్గుతోందా పెరుగుతోందా. పెరుగుతుంటే, పేరు ఏదైనా పెట్టుకోండి, అది వెట్టే.

తరువాత మనుషులతో మాట్లాడండి. మేస్త్రి పక్కన ఉండగా అడిగితే ‘అంతా బాగుందయ్యా’ అనే అంటారు. మీరు కూడా తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుని అడక్కండి. ఒడిశా నుంచో, ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చినవాళ్లయితే వాళ్ల భాష వచ్చిన మనిషి కావాలి, ఆడవాళ్లతో ఆడమనిషే మాట్లాడాలి. ‘మీకు ఏమైనా ఇబ్బందా?’ అని అడిగితే ఏమీ రాదు. ఇలా అడగండి: ‘అమ్మా, రేపు ఊళ్లో అమ్మమ్మకు బాగోలేదని కబురొస్తే ఏం చేస్తావు?’ ‘బండెక్కి పోతా’ అంటే మంచిది. ‘మేస్త్రిని అడగాలి, లెక్క తేలాలి’ అంటే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

కిలోల లెక్కన కూలి ఇచ్చే తొడిమ తీతలో ఇంకో చిక్కుంది. రేటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎనిమిది గంటల్లో మామూలుగా పనిచేసే మనిషి ఎన్ని కిలోలు తీస్తుందో దగ్గర కూర్చుని చూడండి. లెక్క కోసం కిలోకు 10 రూపాయలు, రోజుకు 30 కిలోలు అనుకుంటే 300. ఆ అంకెను రాష్ట్ర కార్మిక శాఖ తాజా కనీస వేతనం పక్కన పెట్టండి. కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది, పాత కాగితం చూసి మోసపోకండి. కాంట్రాక్టరు మీకు చూపించేది ఎప్పుడూ అందరికన్నా చురుకైన పిల్లనే. మీరు మాత్రం వెనక వరసలో కూర్చున్న పెద్దామె తూకం చూడండి. తల్లి పేరు మీద పిల్లలు కూడా తీస్తుంటే ఆమె కిలోలు పెరుగుతాయి, అది కూడా అక్కడే కనిపిస్తుంది.

దొరికిన తప్పు సర్దండి

తప్పు కనిపించగానే చాలామంది ఆ ముఠాను రాత్రికి రాత్రి పంపించేస్తారు. అది అన్నింటికన్నా చెడ్డ పని. అప్పుతో వచ్చినవాళ్లు అప్పుతోనే ఇంకో చోటికి పోతారు, మీ ఫైల్లో ‘తెలిసి దాచారు’ అన్న మచ్చ మిగులుతుంది.

కార్డులు ఆ పూటే తిరిగిచ్చేయండి. పోతాయన్న భయముంటే ఒక్కొక్కరికి తాళం ఉన్న చిన్న పెట్టె కొనివ్వండి, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి. బండి చార్జీ, మేస్త్రి కమిషన్ మీ ఖర్చు కింద రాసుకోండి, కూలీ ఖాతాలోంచి కొట్టేయించండి. అడ్వాన్సు ఇవ్వక తప్పదంటే వడ్డీ లేకుండా ఇవ్వండి, ‘అప్పు తీరకపోయినా పని మానేసి వెళ్లిపోవచ్చు’ అని చీటీ మీద వాళ్ల భాషలో రాసి చదివి వినిపించండి. కూలి వారం వారం బ్యాంకు ఖాతాలోకి పోవాలి. మేస్త్రి ఖాతాలోకి కాదు, ఎవరి కూలి వాళ్ల ఖాతాలోకే. ఒప్పుకోని మేస్త్రి ఉంటాడు. అతనితో పని మానుకోవాల్సి వస్తుందని ముందే సిద్ధపడండి.

నిజంగా కదలనివ్వకుండా పెట్టిన మనుషులు కనిపిస్తే అది మీరు సర్దుకునే విషయం కాదు. కలెక్టరుకో, ఆర్డీవోకో చెప్పాలి. చట్టం కింద అప్పు రద్దవుతుంది, విడుదల పత్రం ఇస్తారు. పిల్లలు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోన్ చేయండి.

సర్దితే ఫలితం ఉంటుందా అని అడుగుతారు. 2022 జులైలో తమిళనాడులోని ఒక దుస్తుల ఫ్యాక్టరీ సరుకును అమెరికా కస్టమ్స్ ఆపేసింది. అప్పటికే అక్కడ మహిళా కార్మికుల యూనియన్‌తో దిండిగల్ ఒప్పందం కుదిరి, మార్పులు మొదలయ్యాయి. అవి చూసి సెప్టెంబరులోనే ఉత్తర్వు సడలించారు. మలేషియాలో చేతి గ్లవ్స్ చేసే కంపెనీ మీద 2020లో వేసిన ఉత్తర్వు తీయడానికి మాత్రం ఏడాది పైనే పట్టింది. వలస కూలీల నుంచి వసూలైన ఏజెంటు ఫీజులు ఆ కంపెనీ వాళ్లకు తిరిగి కట్టాల్సి వచ్చింది. మొదటి ఫ్యాక్టరీలో మనుషులకు అప్పటికే నోరు విప్పే దారి ఉంది.

ఫైలు, డిక్లరేషన్

ఒక ఎగుమతి లాటుకు ఒక ఫైలు. మొదటి కాగితం మీరు గీసిన దారి. తరువాత అదే వరసలో బిల్లులు, తక్‌పట్టీలు, ఏసీ రసీదులు, మస్టరు, బ్యాంకు చెల్లింపుల ప్రింటు, కాంట్రాక్టరు ఒప్పందం, మీరు కల్లానికి వెళ్లిన రోజు రాసుకున్న నోట్సు, సర్దిన తప్పుల వివరం. తప్పులున్న కాగితం తీసేయకండి. మచ్చ లేని ఫైలును ఎవరూ నమ్మరు. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం వెనకే పెట్టండి, అసలు మాత్రం మార్చొద్దు.

డిక్లరేషన్‌లో ‘ఏ దశలోనూ లేదు’ అన్న వాక్యం కొట్టేసి, ‘ఈ దశలు ఈ తేదీల్లో పరిశీలించాం, ఇవి కనిపించాయి, ఇవి సరిచేశాం, చేలో కోత ఇంతమంది రైతుల దగ్గర మాత్రమే చూశాం’ అని రాయండి. బయ్యరు మొదట గొణుగుతాడు. తరువాత ఒప్పుకుంటాడు, ఎందుకంటే రేపు కస్టమ్స్ ముందు నిలబడాల్సింది అతనే.

అయినా సరుకు ఆగితే

నోటీసు మీకు రాదు, దిగుమతిదారుకు వస్తుంది. ఏ చట్టం కింద ఆపారో ఆ నోటీసు కాపీ వెంటనే తెప్పించుకోండి. 1930 చట్టం కింద ఉత్తర్వుతో ఆపితే, సరుకు దిగిన రోజు నుంచి 3 నెలల్లోపు ఆధారాలు ఇవ్వొచ్చు. షిన్‌జియాంగ్ చట్టం కిందైతే టైము చాలా తక్కువ, రోజుల్లో లెక్క. కావాలంటే సరుకు వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా వేరే దేశానికి పంపొచ్చు. రేవులో రోజువారీ అద్దె పడుతూనే ఉంటుంది కాబట్టి, అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులో ముందే రాసుకుని ఉండాలి. మనవాళ్లు చాలామంది ఆ లైను చదవరు. చదివితే సాధారణంగా అమ్మినవాడే కట్టాలని ఉంటుంది.

ఇవన్నీ మార్చిలో, యార్డు నిండా టిక్కీలు పడ్డాక మొదలుపెడితే జరగవు. కోత ముఠాలకు అడ్వాన్సులు అంతకు చాలా ముందే పంచేస్తారు. ఈ ఏడాది నవంబరులో మేస్త్రి డబ్బు అడగడానికి మీ ఆఫీసుకు వస్తాడు కదా, ఆ రోజే అతన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, నోటుబుక్కు ఒకసారి ఇమ్మని అడగండి.